అత్తమ్మతో చార్మినార్ నడక

నాకు పెళ్ళై హైదరాబాద్ వచ్చి 19 ఏళ్ళు. చార్మినార్‌కి ఎన్నిసార్లు వెళ్ళి ఉంటానో లెక్కే లేదు. అయితే వెళ్ళిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి పెళ్ళి షాపింగే. పత్తర్‌గట్టిలో ముత్యాలు, లాడ్ బజార్‌లో గాజులు. ఒక చేత్తో హ్యాండ్‌బ్యాగ్ అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో పిల్లల్ని పట్టుకుని, బేరాలాడి, చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చి పడటం. చుట్టాలొస్తే "అదిగో చార్మినార్" అని చూపించడమే తప్ప, నేను తలెత్తి ఆ మినార్ల వంక తీరిగ్గా చూసిన గుర్తు లేదు.

మా అమ్మాయిది తొమ్మిదో తరగతి. సోషల్ ప్రాజెక్టు కోసం మన ఊరి చరిత్ర రాయాలట. నెట్‌లో చూసి రాస్తే మార్కులు వెయ్యరట, వెళ్ళి చూసి రాయాలట. ఆదివారం పొద్దున హెరిటేజ్ వాక్ ఒకటి ఉందని తనే వెతికి, వాళ్ళ నాన్న ఫోన్‌లోంచి మూడు టికెట్లు బుక్ చేసింది. ఏడున్నరకి చార్మినార్ దగ్గర కలవాలి, గైడ్ వెంట రెండున్నర గంటలు నడవాలి, చౌమహల్లా ప్యాలెస్ దగ్గర అయిపోతుంది. శనివారం రాత్రి మా ఆయనకి ఆఫీసు పని తగులుకుంది. ఒక టికెట్ మిగిలింది.

"నానమ్మని తీసుకెళ్దాం అమ్మా" అన్నది మా అమ్మాయి.

"మోకాళ్ళ నొప్పులు, అంత దూరం ఎట్లా నడుస్తుంది? దారిలో బాత్‌రూమ్ ఉంటుందో లేదో. పైగా ఎండ." నా నోట్లోంచి టకటకా మూడు కారణాలు వచ్చేశాయి. మూడూ నిజమే. కానీ అసలు కారణం నాలుగోది. అది నేను పైకి అనలేదు.

మామయ్య పోయి 14 నెలలు. సంవత్సరీకం అయ్యి రెండు నెలలే. ఇన్ని నెలల్లో అత్తమ్మ గడప దాటిందంటే ఆసుపత్రికో, పెన్షన్ పని మీద బ్యాంకుకో. మొదట్లో "ఏడాది తిరగాలి" అన్నారు పెద్దవాళ్ళు. ఏడాది తిరిగాక ఎవరూ వద్దనలేదు, అలా అని పద అని కూడా అనలేదు. ఆమె అలవాటు పడిపోయింది. నిజం చెప్పొద్దూ, మేమూ అలవాటు పడిపోయాం. అత్తమ్మని షికారుకి తీసుకెళ్తే మా ఆడపడుచులు ఏమనుకుంటారో, ఎదురింటావిడ ఏమంటుందో... ఇదీ నా నాలుగో కారణం.

లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "చార్మినార్ కాడికా? నేనొస్త."

మేమిద్దరం ముఖముఖాలు చూసుకున్నాం.

"మా నాయనకు సద్ది పట్టుకొని గా తొవ్వల్నే పోయేదాన్ని రోజు" అన్నది.

ఆమె పుట్టిల్లు లాల్ దర్వాజ అని నాకు తెలుసు. ఆషాఢంలో అక్కడి బోనాలు టీవీలో వస్తుంటే "గదిగో మా గల్లి" అని చూపిస్తుంది కూడా. ఆ ఇల్లు ఆమె తమ్ముళ్ళు ఎప్పుడో అమ్మేశారు. కానీ ఈ సద్ది సంగతి 19 ఏళ్ళలో నేనెప్పుడూ వినలేదు. అడిగింది లేదు కదా మరి.

తెల్లారి క్యాబ్‌లో బయల్దేరాం. ఏడుంబావుకే చార్మినార్. ఆదివారం ఆ వేళకి అక్కడ ఎంత ఖాళీగా ఉంటుందో మీరెప్పుడైనా చూశారా? తోపుడు బండ్లు లేవు, అరుపులు లేవు. పావురాలు, ఇరానీ చాయ్ వాసన, ఉస్మానియా బిస్కెట్లు చాయ్‌లో ముంచుకుని తింటున్న నలుగురైదుగురు. అంతే.

మొత్తం పన్నెండు మందిమి. గైడ్ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అమ్మాయి. నడుముకి చిన్న స్పీకరు కట్టుకుంది. "మనం ఇక్కడికొస్తే దుకాణాలే చూస్తాం. ఈ రెండు గంటలు తలెత్తి చూడండి" అన్నది. నన్ను చూసే అన్నదేమో అనుకున్నా.

చార్మినార్ 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడని మనందరం చదువుకున్నదే. ఆ గడియారాలు మాత్రం కట్టినప్పటివి కావట, మూడొందల ఏళ్ళ తర్వాత 1889లో పెట్టారట. కట్టడం కుతుబ్‌షాహీలది, గడియారాలు నిజాంల కాలానివి. అత్తగారి ఇంట్లో కోడలు తెచ్చుకున్న సామాను లాగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మొన్నటిదాకా రెండూ ఒకప్పటివే అనుకున్నా నేను.

అక్కణ్ణుంచి ఉత్తరంగా గుల్జార్ హౌజ్ దగ్గరికి నడిచాం. రోడ్డు మధ్యలో చిన్న నీళ్ళ తొట్టి, నాలుగు దిక్కులా నాలుగు పెద్ద కమాన్లు. ఉత్తరాన మచ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేరే బాతిల్ కమాన్. ఒకప్పుడు ఆ పడమటి కమాన్ లోంచే కుతుబ్‌షాహీ రాజమహళ్ళకి దారి ఉండేదట. ఇప్పుడు మహళ్ళు లేవు, దారి మాత్రం మిగిలింది. ఎన్నిసార్లు ఆ కమాన్ల కింద నుంచి ఆటోలో వెళ్ళానో!

అప్పటిదాకా అత్తమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. నా భుజం పట్టుకుని నడుస్తోంది. గైడ్ అమ్మాయి హౌజ్ గురించి చెప్పడం అయ్యాక మెల్లగా అన్నది, "గీడనే సద్ది గిన్నె దించి చెయ్యి మార్చుకునేదాన్ని. బరువుండె."

గైడ్ స్పీకరు ఆపేసింది. "ఎక్కణ్ణుంచి ఎక్కడికి నడిచేవాళ్ళమ్మా?"

"లాల్ దర్వాజ నుంచి శాలిబండ మీదికెళ్ళి చార్మినార్, గీడికి, గాడికెళ్ళి పత్తర్‌గట్టి. మా నాయన గాడ బట్టల దుకాణంల గుమాస్త. ఎండకాలం గా రాతి కమాన్ల కిందనె నడిచేటోళ్ళం, కాళ్ళు కాలకుండ."

పత్తర్‌గట్టి రాతి కమాన్ల వరస 1908 మూసీ వరద తర్వాత, నగరాన్ని మళ్ళీ తీర్చిదిద్దే పనుల్లో కట్టారని గైడ్ చెప్పింది. కింద దుకాణాలు, ముందు నీడగా నడిచే దారి. ఎవరు కట్టారు, ఏ రాయితో కట్టారు అన్నవి గైడ్‌కి తెలుసు. ఆ నీడ పదేళ్ళ ఆడపిల్ల కాళ్ళకి ఎంత చల్లగా ఉంటుందో అత్తమ్మకి తెలుసు. మా అమ్మాయి నోట్‌బుక్‌లో రెండూ రాసుకుంది. అప్పట్నుంచి నడక తీరే మారిపోయింది. గైడ్ అమ్మాయి ఒక మాట చెప్పడం, అత్తమ్మ వైపు చూడటం. ఈమె చెప్పడం, మిగతావాళ్ళు దగ్గరికి జరగడం. నా భుజం మీది చెయ్యి ఎప్పుడు తీసేసిందో కూడా నేను చూసుకోలేదు.

సర్దార్ మహల్ దగ్గర అందరం నవ్వుకున్నాం. 1900లో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా, సర్దార్ బేగం కోసం కట్టించిన మహల్ అది. ఆమెకి నచ్చలేదట. ఒక్క రోజు కూడా అందులో ఉండలేదట. పేరు మాత్రం ఆమెదే మిగిలింది.

"అడగకుండ కడితె గట్లనె ఉంటది" అన్నది అత్తమ్మ.

మా వంటింటి గట్టు మా ఆయన ఎత్తుకి కట్టించారు. ఆ గట్టు మీద అన్నం వార్చుకుంటూ పదేళ్ళుగా భుజం నొప్పి పడుతున్నదాన్ని, నాకు నవ్వుతో పాటు చిన్న అసూయ కూడా కలిగింది. నచ్చలేదని ఉండనని చెప్పగలగడం ఎంత వైభోగం! అది బేగంలకే చెల్లింది.

మక్కా మసీదు ముందు మాత్రం అందరం గమ్మున ఉండిపోయాం. 1617లో మొదలుపెడితే, గోల్కొండ మొఘలుల చేతికి చిక్కాక ఔరంగజేబు కాలంలో గానీ పూర్తి కాలేదు. మొదలుపెట్టినవాళ్ళు దాని పూర్తి రూపం చూడలేదన్నమాట. ఆవరణలో నిజాం వంశీయుల సమాధులు వరసగా ఉన్నాయి. అత్తమ్మ అక్కడ కాసేపు నిలబడి, పావురాలకి గింజలు కొని చల్లింది. మామయ్య గుర్తొచ్చాడేమో. నేను అడగలేదు.

తర్వాత లాడ్ బజార్. ఎప్పుడూ మెరుపులతో కళ్ళు చెదిరే ఆ సందులో షట్టర్లన్నీ మూసి ఉన్నాయి. దుకాణాలు మూసి ఉంటేనే పైన ఏముందో కనిపించింది. చెక్క కిటికీలు, పాత బాల్కనీలు, సున్నపు నగిషీలు. కింద గాజుల వెలుగుకి అవెప్పుడూ కంటికి ఆనలేదు.

గైడ్ లక్క గాజుల గురించి చెప్పింది. పురుగులు చెట్టు కొమ్మల మీద పెట్టే బంక నుంచి వచ్చేదే లక్క. దాన్ని నిప్పుల మీద మెత్తబరిచి, సన్నని కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతికి, వేడి చల్లారకముందే ఒక్కో రాయి, ఒక్కో పూస చేత్తో అద్దాలి. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి జీఐ గుర్తింపు వచ్చింది. దుకాణాల్లో కనిపించేది మగవాళ్ళే గానీ, ఆ రాళ్ళు అద్దేది ఎక్కువగా చుట్టుపక్కల గల్లీల్లో ఇళ్ళ దగ్గర కూర్చున్న ఆడవాళ్ళేనట.

"నేను అద్దిన" అన్నది అత్తమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం.

"మా గల్లి చివర ఖాలా ఉండె. బడి లేనప్పుడు ఆమె దగ్గర కూసుండి రాళ్ళు పెట్టేదాన్ని. వేలు కాలుతది. ఆగితే చల్లారిపోతది, రాయి అంటదు. జల్ది జల్ది పెట్టాలె. పండుగకు నాకో జత ఇచ్చేది. ఇప్పటికి చేతి మీద మచ్చ ఉన్నది చూడు."

కుడిచేతి చూపుడువేలు చూపించింది. నిజమే, కొస దగ్గర చిన్న నున్నటి మచ్చ. అన్నేళ్ళు ఆ చెయ్యి వడ్డించిన అన్నం తిన్నాను, ఆ చేతికి మందు రాశాను. ఆ మచ్చ పొయ్యి దగ్గరదే అనుకున్నా.

చౌమహల్లా గురించి ఎక్కువ చెప్పను, మీలో చాలామంది చూసే ఉంటారు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో మొదలై, వందేళ్ళకి పైగా కట్టుకుంటూ పోయిన ప్యాలెస్. దర్బారు హాల్లో ఆ 19 షాండ్లియర్ల కింద నిలబడితే ఎవరికైనా నోరు తెరుచుకుంటుంది. మా అమ్మాయి పాత కార్ల దగ్గర ఫోటోలు తీసుకుంది. అత్తమ్మ నీళ్ళ కొలను పక్కన నీడలో కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళు చాపుకుంది. శుభ్రమైన బాత్‌రూమ్ కూడా ఉంది. నా రెండో కారణం అలా పోయింది. గైడ్ అమ్మాయి వెళ్ళిపోయే ముందు అత్తమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, "మళ్ళీ వాక్‌లో మీ ఖాలా గురించి చెప్పొచ్చా అమ్మా?" అని అడిగింది. "చెప్పు బిడ్డా, మంచిదే గదా" అన్నది అత్తమ్మ.

అక్కడితో ఇంటికి వచ్చేస్తే ఇదంతా రాసేదాన్ని కాదేమో.

పదకొండు దాటింది. మా అమ్మాయి గాజులు కావాలన్నది. మళ్ళీ లాడ్ బజార్ మీదుగా వచ్చాం. ఇప్పుడు షట్టర్లు తెరిచారు, అదే సందు జిగేల్‌మంటోంది. తెల్ల గడ్డం పెద్దాయన ఒకరు దుకాణంలో కూర్చోబెట్టారు. మా అమ్మాయికి, నాకు చూపించాక, అలవాటుగా అత్తమ్మ వైపు చెయ్యి చాచారు. "లావ్ అమ్మా, హాత్ దేవ్."

అత్తమ్మ చెయ్యి చప్పున కొంగు కిందికి వెళ్ళిపోయింది. "నక్కో భాయ్. మేరే కో నక్కో."

ఆయనకి అర్థమైపోయింది. "మాఫ్ కర్నా అమ్మా" అని తల దించుకున్నారు. ఆయన తప్పేముంది పాపం.

"ఎందుకు నానమ్మా? నువ్వే కదా చిన్నప్పుడు చేశావు" అన్నది మా అమ్మాయి.

"నువ్వూరుకో." ఈ మాట అన్నది నేనే. ఆలోచించి అన్నది కాదు, దానంతటదే వచ్చేసింది.

అన్న మరుక్షణం నాకు మామయ్య పదో రోజు గుర్తొచ్చింది. హాల్లో ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. నేను వంటింట్లో ఉన్నాను. భోజనాలకి ఎన్ని విస్తళ్ళు కావాలో లెక్క పెట్టుకుంటున్నాను. గాజులు పగిలిన చప్పుడు అక్కడిదాకా వినిపించింది. నా చేతిలో విస్తళ్ళ లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. అంతే నేను చేసింది. మహిళా దినోత్సవం వస్తే గ్రూపుల్లో అందరికంటే ముందు మెసేజ్ పెట్టేదాన్ని నేనే. "ఇది వద్దు, ఆమె చేతులు ఆమెవి" అని ఆ రోజు ఒక్క మాట అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఇంట్లో అంత దుఃఖంలో పెద్దవాళ్ళతో గొడవెందుకు అనుకున్నాను. విస్తళ్ళు లెక్కపెట్టాలి కదా అనుకున్నాను.

ఆ రోజు నన్ను నేను ఊరుకోమన్నట్టే ఇప్పుడు నా కూతుర్ని కూడా ఊరుకోమన్నాను.

గొంతు తడారిపోయింది. ఎవరికో చెప్పలేదు, అత్తమ్మ వైపు చూడలేదు. "2-6 సైజులో ఇంకో జత చూపించండి" అన్నాను. నాది 2-4. ఆ సంగతి అత్తమ్మకి తెలుసు. ప్రతి పండక్కి నాకు గాజులు తెచ్చేది ఆమే.

పెద్దాయన ఏమీ అనకుండా ఒక పెట్టె తెరిచి ముందు పెట్టారు. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత కొంగు కింది నుంచి చెయ్యి బయటికి వచ్చింది. తొడుక్కోవడానికి కాదు. ఒక గాజు తీసుకుని, తిప్పి, అతుకు దగ్గర గోటితో గీకి చూసింది. "అతుకు మంచిగ లేదు" అని పక్కన పెట్టింది. ఇంకొకటి. "రాయి ఊడుతది." మూడోది ముదురు మెరూన్ రంగు, ఒకే వరస సన్న రాళ్ళు. అది కింద పెట్టలేదు.

"ఖాలా చేసినట్టె ఉన్నది" అన్నది.

నేను పర్సు తీయబోతే నా చెయ్యి ఆపింది. నడుం దగ్గర దోపుకున్న చేతిరుమాలు ముడి విప్పి, తన పెన్షన్ డబ్బుల్లోంచి ఇచ్చింది. పెద్దాయన బేరమాడనివ్వకుండానే యాభై తగ్గించారు. తిరుగుదారిలో ఎంజీబీఎస్ నుంచి కూకట్‌పల్లి దాకా మెట్రోలో ఆ పొట్లం అత్తమ్మ ఒళ్ళోనే ఉంది. ఎవరి కోసం అని మా అమ్మాయి కూడా అడగలేదు. ఆ వయసు పిల్లలకి ఒక్కోసారి మనకంటే ఎక్కువ అర్థమవుతుంది.

తర్వాత మూడు వారాలు ఆ గాజుల ఊసే లేదు. బీరువాలో పెట్టేసిందనుకున్నాను. మా ఆడపడుచుకి ఇచ్చేస్తుందేమో అని కూడా అనుకున్నాను. మొన్న శనివారం తెల్లవారుజామున ఐదింటికి మెలకువొచ్చి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. బాల్కనీలో అత్తమ్మ తులసికి నీళ్ళు పోస్తోంది. మట్టి గాజులైతే గలగలమంటాయి. లక్క గాజులు అలా మోగవు. ఇత్తడి చెంబుకి తగిలి "టక్, టక్" మని చిన్న చప్పుడు. అది వినే తలెత్తి చూశాను. చీకట్లో చేతికి ఆ మెరూన్ రంగు.

ఏడింటికి పనమ్మాయి వచ్చేసరికి చెయ్యి మళ్ళీ బోసిగా ఉంది. ఆదివారం కూడా అంతే, సోమవారం కూడా అంతే. రోజుకి రెండు గంటలు.

నేను చూసినట్టు చెప్పలేదు. చెప్తే మానేస్తుందేమో అని భయం. చెప్పకపోతే మళ్ళీ విస్తళ్ళు లెక్కపెడుతున్నట్టేనా అని ఇంకో భయం. వచ్చే నెల మా ఆడపడుచు కొడుకు పెళ్ళి. చుట్టాలందరూ వస్తారు. నిన్న రాత్రి పెళ్ళికి ఏ చీరలు కట్టుకోవాలో తీసి మంచం మీద పరుస్తూ, అత్తమ్మ చీరల్లోంచి ముదురు మెరూన్ అంచు ఉన్నదొకటి తీసి పైన పెట్టాను.

అత్తమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది.

"చూద్దాం తీ" అన్నది.

వద్దు అనలేదు. ఈసారి ఎవరైనా ఏమైనా అంటే మాత్రం నేను వంటింట్లో ఉండను.